పాత కారు సామాను: బండి పేరు కాదు, పార్ట్ నంబరు చెప్పి అడగండి

ప్రశ్న: మా నాన్నగారు 1999లో కొన్న మారుతి 800 కారును మేము ఇప్పటికీ వాడుతున్నాం. ఈ మధ్య క్లచ్ మార్చవలసి వచ్చింది. సర్వీస్ సెంటర్ వారు ఒక ధర, మా మెకానిక్ అంతకంటే తక్కువ ధర, విజయవాడ ఆటోనగర్‌లోని ఒక దుకాణదారు దాదాపు సగం ధర చెప్పారు. తమది ‘ఒరిజినల్’ అని ముగ్గురూ నొక్కి చెప్పారు. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముగ్గురూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఎందుకంటే మన బజారులో ‘ఒరిజినల్’ అన్న మాటకు ఒకటి కాదు, మూడు అర్థాలున్నాయి. కారు కంపెనీ తన పేరు ముద్రించిన పెట్టెలో పెట్టి అమ్మేది మొదటి రకం. అదే కంపెనీకి ఆ భాగాన్ని చేసి పంపే తయారీదారు, తన సొంత పేరుతో సొంత పెట్టెలో బయటి దుకాణాలకు ఇచ్చేది రెండవ రకం. పాత బండి నుంచి విప్పిన కంపెనీ సామాను మూడవ రకం. ఈ మూడింటి పక్కనే, పెట్టెతో సహా అచ్చు దింపిన డూప్లికేటు కూడా అదే బల్ల మీద అదే పేరుతో కూర్చుంటుంది.

కారు కంపెనీలు బండిలోని ప్రతి భాగాన్నీ తామే తయారు చేయవు. క్లచ్‌లు వాలియో, ఎక్సెడీ, లూక్ వంటి వారివి. బండిని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్లు, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్లు చాలా బండ్లలో లూకాస్ టీవీఎస్ వారివి. మారుతి బండ్ల లైట్లలో లూమాక్స్ పేరు, ఏసీలో సుబ్రోస్ పేరు కనిపిస్తాయి. మీ బండి నుంచి విప్పిన పాత భాగాన్ని కిరోసిన్‌తో తుడిచి వెలుతురులో చూస్తే, కారు కంపెనీ గుర్తు పక్కనే అసలు తయారీదారు పేరు కూడా చాలాసార్లు దొరుకుతుంది. ఆ పేరుతో వచ్చే కొత్త సామాను కొంటే, పనితనంలో తేడా లేకుండా పెట్టె ఖరీదు మాత్రం మిగులుతుంది. మీ మెకానిక్ చెప్పిన మధ్య ధర బహుశా ఇదే. ఆటోనగర్‌లో చెప్పిన సగం ధర దేనికో మాత్రం, పెట్టె చేతిలోకి తీసుకుని చూడకుండా ఎవరూ చెప్పలేరు.

మీరు చేయవలసిన మొదటి పని, ‘800కి క్లచ్ ప్లేటు ఇవ్వండి’ అని అడగడం మానుకోవడం. 800 కారు 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి వరకు తయారైంది. ఆ ముప్పై ఏళ్లలో బండి ఆకారం, కార్బురేటర్, వైరింగ్ మారాయి; 2000 ప్రాంతంలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఏర్పాటు) వచ్చింది. కాబట్టి ఆర్సీ నకలు వెంట తీసుకువెళ్లి, అందులోని తయారీ నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు చూపించి, పార్ట్ నంబరుతోనే, అంటే కంపెనీ ఆ భాగానికి ఇచ్చిన సంఖ్యతోనే, ధర అడగండి. మారుతి నంబర్లలో మొదటి ఐదు అంకెలు అది ఏ రకం భాగమో చెబుతాయి. ఉదాహరణకు 16510తో మొదలైతే ఆయిల్ ఫిల్టర్, 13780తో మొదలైతే ఎయిర్ ఫిల్టర్. ఆ తరువాతి అంకెలు, అక్షరాలు అది ఏ మోడలుకు చెందినదో చెబుతాయి. ఒకే నంబరుకు మూడు చోట్ల ధర అడిగితేనే అది పోలిక అవుతుంది. నంబరు లేకుండా అడిగిన మూడు ధరలు మూడు వేర్వేరు వస్తువుల ధరలు.

ఒకసారి నేనే ఈ మాట పాటించక నష్టపోయాను. నా పాత జెన్ కారుకు కింది బాల్ జాయింట్లు (ముందు చక్రాలు తిరగడానికి ఊతమిచ్చే కీళ్లు) మార్చవలసి వచ్చినప్పుడు, పేరు చెప్పనవసరం లేని ఒక దుకాణంలో కంపెనీ పెట్టె చూసి, లోపలి వస్తువును సరిగా చూడకుండానే డబ్బు కట్టాను. ఆరు నెలలు తిరగకుండానే గతుకుల్లో టకటక మొదలైంది. విప్పి చూస్తే రబ్బరు తొడుగు చీలి, లోపల గ్రీజు చుక్క కూడా లేదు. మంచి బాల్ జాయింటు పిన్నును వేళ్లతో తిప్పితే బిగువుగా, ఒకే తీరున కదులుతుంది. నా చేతికి వచ్చినది కొత్తలోనే వదులుగా ఊగింది. ఆ ఊగడాన్ని నేను ఆ రోజే గమనించి ఉండవలసింది. పెట్టె మీది అచ్చు ఎంత బాగున్నా, వస్తువు మీద చెక్కిన అక్షరాలను వేలి గోటితో తడిమి చూడండి. మంచి బేరింగుల మీద పేరు, నంబరు లోహంలోనే చెక్కి ఉంటాయి. సిరాతో కొట్టినవైతే గుడ్డకు అంటుకుంటాయి.

ఎక్కడ ఖర్చుకు వెనుకాడకూడదో, ఎక్కడ పొదుపు చేయవచ్చో కూడా తేల్చుకోవాలి. బ్రేకు ప్యాడ్లు, లైనింగులు, వీల్ సిలిండర్లు, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, టైమింగ్ బెల్టు, ఇవన్నీ కొత్తవే, పేరున్న తయారీదారువే కొనాలి. పాతవి వద్దు, తక్కువ రకమూ వద్దు. డోరు అద్దం, సైడ్ మిర్రరు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కు, డిక్కీ తలుపు, సీటు వంటివి పాత సామాను దుకాణంలో తెచ్చుకున్నా నష్టం లేదు. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ (డైనమో) చెడిపోతే వెంటనే కొత్తది కొనకుండా, బ్రష్‌లు, బుష్‌లు, బేరింగులు మార్చి బాగు చేసే ఆటో ఎలక్ట్రీషియన్‌ను వెతకండి. మన ఊళ్లలో ఆ విద్య ఇంకా బతికే ఉంది. రబ్బరు సామాను విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. పాత మోడళ్ల బెల్టులు, బుష్‌లు గోదాములో ఏళ్ల తరబడి పడి ఉండి, వాడకుండానే గట్టిపడిపోతాయి. పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి కనుక, ధరకంటే ముందు ఆ తేదీనే చదవండి.

ధర సంగతికి వస్తే, ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ జీఎస్టీ అనడం చెల్లదు. అంతకుముందు 28 శాతం పన్ను పడే వాహన విడిభాగాలతో సహా, 2025 సెప్టెంబరు 22 నుంచి అన్ని విడిభాగాల మీదా ఒకే 18 శాతం వర్తిస్తోంది. పన్నుకు ముందు వెయ్యి రూపాయలున్న భాగం ఇదివరకు 1,280 అయితే, ఇప్పుడు 1,180 కావాలి. పాత చీటీ అంటించిన నిల్వ సరుకు చూపించినప్పుడు, ఈ లెక్క చెప్పి తగ్గించమని అడగడంలో మొహమాటం అవసరం లేదు. ఆటోనగర్‌లోనూ, హైదరాబాదులోని రాణీగంజ్, పుత్లీబౌలీ దుకాణాల్లోనూ ఎమ్మార్పీ మీద కొంత తగ్గించి ఇవ్వడం మామూలే. అది అడిగినవారికే దక్కుతుంది.

మెకానిక్ సామాను తెచ్చి పెడితే అందులో కొంత కమీషన్ ఉంటుంది. దానిని నేను తప్పుగా చూడను, ఎందుకంటే తిరిగిన పెట్రోలు, పోయిన పూట ఆయనవే. కానీ మజూరీ వేరుగా, సామాను వేరుగా బిల్లు అడగండి. మార్చిన పాత భాగాలను డిక్కీలో పెట్టించుకోండి.

ప్రశ్న: నాది 2010 నాటి ఫియట్ లీనియా డీజిల్. ఫియట్ కార్లు మన దేశంలో అమ్మకం ఆగిపోయాక సామాను దొరకదని, దొరికినా చెప్పిన ధరకే కొనాలని అంటున్నారు. బండి అమ్మేయడమే మంచిదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇంజిన్ కోసమైతే అమ్మనవసరం లేదండీ. మీ బండిలో ఉన్నది 1,248 సీసీ మల్టీజెట్ ఇంజిన్. ఇదే కుటుంబపు ఇంజిన్లు మారుతి స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ కార్లలోనూ, టాటా ఇండికా విస్టాలోనూ వచ్చాయి. కాబట్టి ఆయిల్ ఫిల్టర్, వాటర్ పంపు, టైమింగ్ చైను వంటి వాటికి ఫియట్ పేరుతో వెతకకుండా, పాత భాగం మీది తయారీదారు నంబరు చూసి మారుతి, టాటా కౌంటర్లలో సరిపోల్చమనండి. అన్నీ కలుస్తాయని మాత్రం అనుకోకండి. స్విఫ్ట్‌లో ఆ ఇంజిన్ శక్తి 75 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) అయితే మీ లీనియాలో అది 93 పీఎస్, టర్బో కూడా వేరు. ‘స్విఫ్ట్ టర్బో పెట్టేద్దాం మేడమ్’ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

కష్టమంతా బాడీ సామానుతోనే. హెడ్‌లైట్లు, బంపర్లు వంటివి ఇతర కంపెనీల బండ్లకు కలవవు. ఇవి చెన్నై పుదుపేట వంటి పాత సామాను బజార్లలో, లేదా అదే కారు ఉన్నవారు ఒకరితో ఒకరు మాట్లాడుకునే బృందాల్లో దొరుకుతాయి. బంపరు పగిలాక వెతకడంకంటే, మంచి స్థితిలో ఉన్న హెడ్‌లైట్ల జత కనిపించినప్పుడే కొని అటక మీద పెట్టుకోవడం చవక.

ప్రశ్న: మా శాంత్రో ఇంజిన్ సిలిండర్లు అరిగి రీబోర్‌కు (లోపల తిరిగి తొలిచే పనికి) వచ్చింది. ఆ ఖర్చు కంటే తక్కువకు విప్పిన ఇంజిన్ ఒకటి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తీసుకోవచ్చు గానీ, ఆ ఇంజిన్ ఏ బండిదో చూపే ఆర్సీ నకలు, అమ్మినవారి బిల్లు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇంజిన్ మారితే నంబరు మారుతుంది; ఆ మార్పును ఆర్టీవో కార్యాలయంలో మీ ఆర్సీ మీద ఎక్కించాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గరా, బీమా దగ్గరా ఇబ్బంది తప్పదు. దొంగ బండి ఇంజిన్ అని తేలితే పోలీసు స్టేషన్ మెట్లు కూడా ఎక్కవలసి వస్తుంది. కొనే ముందు ఆ ఇంజిన్‌కు కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) చేయించి, నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ఒక సిలిండరు మిగతా వాటికంటే బాగా తగ్గితే, మీకు ఇస్తున్నదీ రీబోర్‌కు వచ్చిన ఇంజినే కావచ్చు. ఆ పరీక్షకు వారు ఒప్పుకోకపోతే, మీ ఇంజిన్‌నే లేత్ షాపుకు పంపండి.