తక్కువ బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రోజువారీ పనులకి నాకు వేరే కారు ఉందండీ. సెలవు రోజుల్లో సరదాగా నడుపుకోవడానికి ఒక పాత స్పోర్ట్స్ కారు కొందామని చాలాకాలంగా చూస్తున్నా. నా దగ్గరున్న డబ్బుకి పాత పోర్షే బాక్‌స్టర్ వస్తోంది, నిస్సాన్ 350జడ్ వస్తోంది, మాజ్దా ఎమ్‌ఎక్స్-5 కూడా వస్తోంది. ఫ్రెండ్స్ అందరూ హార్స్ పవర్ ఎక్కువున్నదే తీసుకో అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: ఎమ్‌ఎక్స్-5 తీసుకోండి. మిగతా రెండూ మంచి కార్లే, కానీ మీ డబ్బుకి, మీ అవసరానికి ఇదే కరెక్ట్.

పవర్ సంగతి ముందు చూద్దాం. 350జడ్‌లో 3.5 లీటర్ల వీ6 ఇంజిన్, 280 హార్స్ పవర్, తర్వాతి మోడళ్లలో 300 పైనే ఉంటుంది, బరువు ఒకటిన్నర టన్ను దగ్గర. మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే మామూలు రోడ్డు మీద వెళ్లకూడని స్పీడ్‌కి క్షణాల్లో వెళ్లిపోతుంది, ఇక అక్కణ్నుంచి కాలు తీసెయ్యడమే, అంటే డబ్బు పోసి కొన్న పవర్‌లో సగం ఎప్పుడూ వాడరన్నమాట. అదే 1989లో వచ్చిన మొదటి ఎమ్‌ఎక్స్-5 చూడండి, 1.6 లీటర్ల ఇంజిన్, 115 హార్స్ పవర్, బరువు టన్ను కంటే తక్కువ. రెండో గేర్‌లో రెడ్‌లైన్ దాకా, అంటే ఇంజిన్ తిరగగలిగినంత వేగం దాకా లాగినా లైసెన్స్ పోయే స్పీడ్ రాదు, గేర్ లివర్ చిన్న కదలికతో టక్కున పడుతుంది, మలుపులో ముందు టైరు ఎంత పట్టు మీదుందో స్టీరింగ్ చేతికి చెప్పేస్తుంది. నేను ఫన్ అనేది దీన్నే. తేలిక కారుకి ఇంకో లాభం, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, పెట్రోల్ అన్నీ తక్కువ తింటుంది, బడ్జెట్ చిన్నదైనప్పుడు ఇది చాలా పెద్ద విషయం.

ఏ జనరేషన్ అంటారా, మొదటిది ఎన్ఏ, పైకి లేచే హెడ్‌లైట్లది, దాన్ని కలెక్టర్లు వెతికి మరీ కొంటున్నారు కాబట్టి మంచి బండి చవగ్గా దొరకడం కష్టం. 1998 నుంచి 2005 దాకా వచ్చింది ఎన్‌బీ, ఆ తర్వాత 2015 దాకా ఎన్‌సీ. మీకు ఈ రెండింట్లో ఒకటి. ఎన్‌బీకి టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వులు సమయానికి తెరుచుకునేలా చూసే రబ్బర్ బెల్ట్) ఉంటుంది, ఎప్పుడు మార్చారో బిల్లు అడగాలి, ఎన్‌సీకి దాని బదులు చైన్, లోపల చోటు కూడా కాస్త ఎక్కువ. నడపడంలో ముచ్చట మాత్రం ఎన్‌బీలోనే ఎక్కువని నా అభిప్రాయం.

కాకపోతే ఒకటే శత్రువు, తుప్పు. అది ఎలా వస్తుందో తెలిస్తే చూడ్డం తేలిక. మడిచే గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనకాల రెండు పక్కలా ఉండే డ్రెయిన్ గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఏళ్ల తరబడి ఆకులు, మట్టి చేరి ఆ గొట్టం మూసుకుపోతే నీళ్లు డోర్ కింద ఉండే సిల్ లోపలికి దిగి అక్కడే నిలుస్తాయి, రేకుని తుప్పు లోపల్నుంచి బయటికి తినేస్తుంది. అందుకే వెనక చక్రానికి కొంచెం ముందు, సిల్ చివర పెయింట్ మీద చిన్న బొబ్బ కనబడినా లోపల రేకు పోయిందనే లెక్క. ఓనర్ని అడిగి మగ్గుడు నీళ్లు ఆ డ్రెయిన్‌లో మెల్లగా పోసి, కింద వెనక చక్రం ముందు నీళ్లు కారుతున్నాయో లేదో వంగి చూడండి. రెండు పక్కలా గబగబా కారితే సంతోషం. ఎన్‌బీ అయితే లిఫ్ట్ ఎక్కించి ముందు వైపు చాసిస్ రైల్స్ (బండి కింద బరువు మోసే ఉక్కు దూలాలు) కూడా చూడాల్సిందే, అక్కడి తుప్పుకి రిపేర్ చాలా ఖరీదు. ఇంజిన్ ఎంత బాగున్నా రేకు పోయిన బండి వద్దు. ఇంజిన్ ఇంకోటి దొరుకుతుంది, బాడీ దొరకదు.

ఇక బాక్‌స్టర్. 1996లో మొదలైన 986 మోడల్ నడపడానికి అద్భుతం, ఇంజిన్ సీట్ల వెనక, వెనక ఇరుసుకి ముందు ఉంటుంది, ఆ బ్యాలెన్సే వేరు. కానీ బండి ధర పడిపోయింది గానీ స్పేర్ పార్ట్స్ ధర పడలేదు. పైగా ఇంజిన్ లోపల ఐఎమ్‌ఎస్ అని ఒక షాఫ్ట్ ఉంటుంది, వాల్వులని తెరిచే క్యామ్ షాఫ్టులని తిప్పే చైన్లు దాని మీదుగానే వెళ్తాయి, దాని చివరి బేరింగ్ విరిగితే టైమింగ్ తప్పి ఇంజిన్ మొత్తం పోతుంది. అన్ని బళ్లకీ అలా కాదు, కానీ అయిన బండి మనదైతే కొన్న డబ్బంతా పోయినట్టే. ఆ బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి కాబట్టి తెలిసినవాళ్లు క్లచ్ మార్చేటప్పుడే అది కూడా మార్పించేస్తారు. ఆ బిల్లు చూపించే ఓనర్ దొరికి, మీ చేతిలో ఇంకాస్త డబ్బుంటే అప్పుడు ఆలోచించండి.

ఏది కొన్నా సరే మొత్తం డబ్బు బండికే పెట్టకండి. కనీసం ఐదో వంతు పక్కన ఉంచితే టైర్లు, ద్రవాలన్నీ మార్చడం, సస్పెన్షన్‌లోని రబ్బర్ బుష్‌లు, ఒక బ్యాటరీ, వీటికి మొదటి ఏడాదిలోనే అయిపోతుంది. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కూడా అడ్వాన్స్ ఇచ్చే ముందే కనుక్కోండి, స్పోర్ట్స్ కారు అనగానే ప్రీమియం లెక్క మారిపోతుంది.

ప్రశ్న: మాజ్దా ఆర్‌ఎక్స్-8 ఇంత చవగ్గా ఎందుకు అమ్ముతున్నారు? ఏదైనా మోసమా?

జవాబు: మోసం కాదండీ, దాని ఇంజిన్ గురించి జనానికి తెలిసిపోయింది, అంతే. అందులో పిస్టన్లుండవు, 1.3 లీటర్ల రోటరీ ఇంజిన్, 9,000 ఆర్‌పీఎమ్ దాకా, అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుంది, ఆ సాఫీతనం ఇంకే ఇంజిన్‌లోనూ దొరకదు. కానీ పిస్టన్ల బదులు తిరిగే రోటర్ కొసల్లో ఉండే ఏపెక్స్ సీల్స్ అరిగితే కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపలి ఒత్తిడి పడిపోతుంది, అప్పుడిక ఇంజిన్ విప్పడమే. గుర్తు పట్టడానికి బండి బాగా నడిపి వేడెక్కాక ఆపి, కొద్ది నిమిషాల తర్వాత స్టార్ట్ చెయ్యండి, చాలాసేపు తిప్పితే గానీ అందుకోకపోతే దండం పెట్టి వచ్చెయ్యండి. వెంటనే అందుకున్నా రోటరీకి పనికొచ్చే మీటర్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయించనిదే కొనొద్దు. ఆయిల్ తాగడం మాత్రం జబ్బు కాదు, సీల్స్‌కి తడి కోసం ఇంజినే కొంచెం కొంచెం తీసుకుంటుంది, కాబట్టి పెట్రోల్ పోయించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూసుకునే ఓపిక ఉండాలి.

ప్రశ్న: టెస్ట్ డ్రైవ్‌లో ఏమేం చూడాలి? నాకు మెకానిక్ పని రాదు.

జవాబు: రాకపోయినా చాలా కనిపెట్టొచ్చు. నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ఓనర్‌కి ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు, పొగ మీకు కనబడకూడదని అనుకున్నారేమో అని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడే రెండో గేర్ వేసి చూడండి, గరగరమంటే గేర్ సాఫీగా పడేలా చేసే సింక్రో అరిగింది, చాలా స్పోర్ట్స్ కార్లలో ముందు పోయేది ఆ గేరే. బాగా వేడెక్కాక టాప్ గేర్‌లో తక్కువ ఆర్‌పీఎమ్ నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి, ఆర్‌పీఎమ్ ముల్లు పైకి లేచి స్పీడ్ మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

నేనైతే అన్నిటికంటే ముందు టైర్లు చూస్తాను. నాలుగూ ఒకే కంపెనీవి, మంచివి అయితే ఆ ఓనర్ బండిని ప్రేమగా చూసుకున్నట్టే, నాలుగు రకాల చవక టైర్లుంటే ఆయిల్ కూడా అలాగే మార్చుంటాడు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని, గాట్లు లోతుగా ఉన్నా పాతబడ్డ రబ్బర్‌కి పట్టుండదు. సస్పెన్షన్ బాగా దించేసి, ఇంజిన్ రీమ్యాప్ చేయించిన (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించిన) బళ్ల జోలికి వెళ్లకుండా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నదాన్ని వెతకండి. చివరగా, నచ్చాక కూడా ఆ మోడల్ తెలిసిన మెకానిక్‌కి ఫీజిచ్చి లిఫ్ట్ మీద చూపించండి, ఓనర్ దానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపెయ్యండి.

ప్రశ్న: ఇద్దరు పిల్లలున్నారు, ఇంకో కారు పెట్టే చోటు లేదు. ఇక ఆశ వదులుకోవాలా?

జవాబు: ఎందుకండీ వదులుకోవడం! 2012లో వచ్చిన టయోటా జీటీ86, దాని కవల సుబారు బీఆర్‌జడ్‌లో వెనక సీట్లుంటాయి గానీ అవి మరీ చిన్నపిల్లలకే, ఏడాది రెండేళ్లు గడిస్తే కాళ్లు పట్టవు. మీకు హాట్ హ్యాచ్‌బ్యాక్, అంటే మామూలు చిన్న కారుకే హుషారైన ఇంజిన్ పెట్టింది, సరైనది. సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్ 1.6 లీటర్ల మోడల్‌లో టర్బో లేదు, బరువు వెయ్యి కేజీల చిల్లర, పోయేవి తక్కువ. ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టీ, అదీ 2013లో వచ్చిన 1.6 టర్బోది, ఇంకా హుషారు, మలుపులో స్టీరింగ్ తిప్పగానే ముక్కు అటు తిరిగిపోతుంది. సస్పెన్షన్ మాత్రం గట్టిగా ఉంటుంది, కాబట్టి కొనే ముందు పిల్లల్ని వెనక కూర్చోబెట్టి గతుకుల రోడ్డు మీద ఓసారి తిప్పి చూడండి, వాళ్లకి ఓకే అయితే మీకూ ఓకే.