జనవరిలో జర్మనీకి: పెట్టెలో ఏముండాలి, ఏముండకూడదు

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులం ఇరవై మందిమి జనవరిలో పది రోజుల పాటు బెర్లిన్, మ్యూనిక్ నగరాలకు వెళ్తున్నాము. విమానంలో 23 కిలోల పెట్టెకు అనుమతి ఉన్నప్పటికీ, ఒక చిన్న ట్రాలీ బ్యాగు, వీపుకు తగిలించుకునే సంచి తప్ప మరేమీ తేవద్దని మా అధ్యాపకులు అంటున్నారు. ఆ చలిలో ఇంత తక్కువ సామానుతో ఎలా గడుస్తుందండీ?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ అధ్యాపకులు సరిగానే చెప్పారు. అక్కడి స్టేషన్లలో సామాను మోయడానికి కూలీలు దొరకరు. దారిలోని స్టేషన్లలో రైలు సాధారణంగా రెండు మూడు నిమిషాలకు మించి ఆగదు. ఇరవై మంది ఇరవై పెద్ద పెట్టెలతో ఒకే తలుపు దగ్గర గుమిగూడితే సగం మంది ఎక్కేలోపే రైలు కదిలిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇక చలి సంగతి. జనవరిలో బెర్లిన్‌లో సాధారణంగా పగలు రెండు మూడు డిగ్రీలు, రాత్రి సున్నాకు కొద్దిగా కింద ఉంటుంది. మ్యూనిక్‌లో ఇంకొంచెం చలి ఎక్కువ. ఈ అంకెలు వినగానే మనవాళ్లు బీరువాలోని మందపాటి స్వెటర్లన్నీ సర్దేస్తారు. అయితే అక్కడ హాస్టళ్లు, రైళ్లు, మ్యూజియాలు అన్నింటినీ ఇరవై డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచుతారు కనుక, రోజులో ఎన్నోసార్లు పైదుస్తులు విప్పుతూ తొడుగుతూ ఉండాలి. అందువల్ల మందమైన ఒక్క దుస్తు కంటే, మధ్య మధ్య గాలి నిలిచేలా ఒకదానిపై ఒకటి వేసుకునే మూడు పొరలే మేలు. ఒంటికి అంటుకొని ఉండే థర్మల్స్ రెండు జతలు, వాటిపై ఫ్లీస్ అనే తేలికైన నూగు గుడ్డ స్వెటరు ఒకటి, అన్నింటికీ పైన గాలినీ వాననూ ఆపే, తలకు టోపీ ఉన్న జాకెట్ ఒకటి చాలు. థర్మల్స్ నూలువి కాకుండా ఉన్నివో, సింథటిక్‌వో తీసుకోండి. నూలు చెమటను పీల్చుకొని తడిగా ఉండిపోతుంది, ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. జీన్స్ కూడా నూలే కనుక ఒక్కటి మించి వద్దు. వీటితో పాటు త్వరగా ఆరే ప్యాంటు ఒకటి, పలుచని పొడుగు చేతుల చొక్కాలు మూడు, ఐదు రోజులకు సరిపడా లోదుస్తులు పెట్టుకొని, మధ్యలో ఒక సాయంత్రం నలుగురు కలిసి నాణేలు వేసి నడిపే లాండ్రీలో ఉతుక్కుంటే పది రోజులు గడిచిపోతాయి. థర్మల్స్‌ను చేతితో ఉతికి గదిలోని హీటరుకు దగ్గరలో ఆరవేస్తే తెల్లవారేసరికి ఆరిపోతాయి.

ఫొటోలలో రోజుకో కొత్త స్వెటరు కనిపించాలన్న కోరికే పెట్టెలను బరువెక్కిస్తుందని నా అనుమానం. ఆరుబయట తీసే ఏ ఫొటోలోనైనా కనిపించేది పైనున్న జాకెట్ ఒక్కటే కనుక ఆ మోత అంతా వృథా. రంగురంగుల మఫ్లర్లు రెండు పెట్టుకుంటే ఆ ముచ్చటా తీరుతుంది.

డబ్బు ఖర్చు పెట్టదలిస్తే బూట్ల మీద పెట్టండి. జాలీ గుడ్డతో చేసిన స్పోర్ట్స్ షూలలోకి కరిగిన మంచు నీరు ఇట్టే దిగుతుంది. నీరు చొరబడని బూట్లను ఉన్ని మేజోళ్లతో వేసుకొని చూసి, వేళ్లు కదిలేంత వదులుగా ఉన్నవే కొనండి. బిగుతైన బూటులో రెండేసి మేజోళ్లు తొడిగితే రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి. కొన్న బూట్లతో ప్రయాణానికి ముందు రెండు వారాలు ఇక్కడే నడవండి. జాకెట్‌నూ బూట్లనూ విమానంలో వేసుకొనే వెళ్తే పెట్టెలో సగం చోటు మిగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కూడా ఇలాంటి బృందంతోనే వెళ్తున్నాడు. ఆవకాయ, నెయ్యి, పాలకోవా పంపవచ్చునా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: నెయ్యి, పాలకోవా పంపకండమ్మా. యూరోపియన్ యూనియన్ వెలుపలి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలనూ మాంసాన్నీ వెంట తీసుకురాకూడదన్న నిబంధన ఉంది, దొరికితే అక్కడే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకుకు కూడా ధ్రువపత్రం అడుగుతారు. ఎండుకొబ్బరి చిప్పల విషయంలో మన విమానాశ్రయాల్లోనే అభ్యంతరం చెబుతారు, ఎందుకంటే వాటిలోని నూనె వల్ల అవి తేలికగా అంటుకుంటాయి. ఆవకాయను క్యాబిన్ బ్యాగులో పెడితే భద్రతా తనిఖీ దగ్గర వదులుకోవలసి వస్తుంది కనుక, కొద్ది మొత్తమే తీసుకొని, గట్టిగా సీలు చేయించి చెక్-ఇన్ సామానులో ఉంచండి. నా సలహా అడిగితే పది రోజులకు పావు కిలో కందిపొడి చాలు. నూనె కారి థర్మల్స్ పాడవుతాయన్న బెంగ ఉండదు. తలకూ ఒంటికీ కొబ్బరినూనె సీసా కూడా అక్కరలేదు. దాదాపు 24 డిగ్రీల కిందికి వస్తే అది గడ్డకట్టిపోతుంది. పొడిగాలికి పగిలే పెదవులకూ చేతులకూ చిన్న వ్యాజలీన్ డబ్బా ఇవ్వండి.

ప్రశ్న: విద్యార్థులకు తోడుగా వెళ్తున్న అధ్యాపకుడిని. అందరికీ ఉమ్మడిగా ఏమేమి ఉంచుకోవాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: గదికి ఒకటి చాలిన వస్తువును నలుగురూ తేవడమే బృంద ప్రయాణాల్లో బరువుకు అసలు కారణం. టూత్‌పేస్టు, షాంపూ, హెయిర్ డ్రయ్యరు, బట్టల సబ్బు గదికి ఒక్కటే ఉండేలా ముందే పేర్లు రాసి పంచండి. మన రెండు పిన్నుల ఫోన్ చార్జర్లు జర్మనీ ప్లగ్గులలో సాధారణంగా పడతాయి. మూడు పిన్నులవి పట్టవు కనుక గదికి ఒక అడాప్టరు, దానికి తగిలించే చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే సరిపోతుంది. పవర్ బ్యాంకులు మాత్రం చెక్-ఇన్ సామానులో పెట్టకూడదని అందరికీ గట్టిగా చెప్పండి. జ్వరం, విరేచనాల మందులు మీ దగ్గర ఒక్క పెట్టెలో ఉంచుకోవచ్చు, కానీ ఎవరైనా నిత్యం వాడే మందులను వైద్యుల చీటీతో సహా వారి చేతి సంచిలోనే ఉంచాలి. జర్మనీలో ఆదివారం పెద్ద రైల్వే స్టేషన్లలోనివి తప్ప దుకాణాలు దాదాపుగా అన్నీ మూసి ఉంటాయి; విద్యార్థులు ఎక్కువగా పోగొట్టుకునేవి గ్లౌజులే కాబట్టి రెండు జతలు అదనంగా మీ సంచిలో వేసుకోండి.