ముందే కొత్త హారన్ కొనకు

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినబడింది కానీ, "హారన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్న ముక్క మాత్రం బాగానే వినబడింది. ఆగు. మోగనంత మాత్రాన పోయింది హారనే అని ఎవరు చెప్పారు?

ఇలా తొందరపడి చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను. నా మొదటి కారుకి హారన్ మూగబోతే కొత్తది తెచ్చి బిగించాను. అదీ మోగలేదు. పాడైన సరుకు అంటగట్టారని షాపులో గొడవపడి ఇంకోటి తెచ్చాను. అదీ మూగదే. చివరికి చూస్తే, హారన్ బ్రాకెట్‌ను బాడీకి బిగించే బోల్టు కింద తుప్పు. అది ఒక్క వైరు హారన్, ఎర్త్ (అంటే కారు బాడీ మీదుగా కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారి) ఆ బ్రాకెట్ నుంచే రావాలి. గరుకు కాగితంతో రుద్ది బిగించేసరికి పాత హారనే గొంతెత్తి అరిచింది. షాపుకి వెళ్లి క్షమాపణ చెప్పడానికి మాత్రం మొహం చెల్లలేదు.

అందుకని ముందు కరెంటు నడిచే దారి బుర్రలో పెట్టుకో. బ్యాటరీ, ఫ్యూజు, రిలే, హారన్, అక్కణ్ణుంచి ఎర్త్. స్టీరింగ్ మీద నువ్వు నొక్కే బటన్ ఈ దారిలో లేదు. అది రిలేని, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చుని లేపుతుంది, అంతే. ఒక్కో హారన్ నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు బటన్‌లోంచి పోతే అది ఎక్కువకాలం మన్నదు, అందుకే మధ్యలో రిలే పెట్టారు. నీ కారుకి హారన్లు రెండుంటే ఇంకో సంగతి: రెండూ ఒకేసారి చచ్చిపోవడం అరుదు. రెండింటికీ గొంతు పోయిందంటే తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉన్నట్టే.

బోనెట్ ఎత్తి, ఎవరినైనా బటన్ నొక్కమని చెప్పి, నువ్వు ఫ్యూజు బాక్సు దగ్గర విను. హారన్ ముందు మాత్రం తల పెట్టకు, ఉన్నట్టుండి మోగిందంటే చెవులు గింగుర్లెత్తుతాయి. "టిక్" మని చిన్న చప్పుడు వచ్చిందా, రిలే లేచినట్టు, బటన్ వైపు అంతా బాగున్నట్టు. రాలేదా, ఫ్యూజు, రిలే, బటన్ ఈ మూడింటిలో ఒకటి.

ఫ్యూజు చూడటం పెద్ద పనేం కాదు. మూత లోపల బొమ్మ ఉంటుంది, హారన్ గుర్తు ఉన్నది పీకి చూడు. కాలిపోతే అంతే ఆంపియర్లది వెయ్యి. 15 ఉన్నచోట 30 పెట్టావంటే ఈసారి కాలేది వైరు. కొత్తది కూడా టప్పున పోతే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందన్నమాట. రిలేకయితే చాలా కార్లలో పక్కనే అదే నంబరుది ఇంకోటి ఉంటుంది, ఉంటే రెండింటినీ మార్చి చూడు. ఇప్పుడు మోగితే దోషి దొరికినట్టే.

అసలు సరదా హారన్ దగ్గర ఉంది. ఇక్కడ అందరూ మల్టీమీటరు పెడతారు, అది 12 వోల్టులు చూపిస్తుంది, "కరెంటు వస్తోంది, హారనే పోయింది" అని తేల్చేస్తారు. మీటరు అబద్ధం చెప్పదు గానీ నిజం మొత్తం చెప్పదు. వైరులో ఇరవై పోగులుంటే పంతొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరుకి 12 వోల్టులే కనిపిస్తాయి, ఎందుకంటే అది లాగే కరెంటు ఏమీ లేదు. నాలుగు ఆంపియర్లు కావాలన్నప్పుడు ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది.

నువ్వు పాత ఇండికేటర్ బల్బు, 21 వాట్లది తీసుకుని దానికి రెండు వైర్లు తగిలించు. హారన్ కనెక్టర్ ఊడదీసి, దాని రెండు కాళ్ల మధ్య బల్బు పెట్టి బటన్ నొక్కించు. (ఒక్క వైరు హారనయితే బల్బు రెండో కొస ఆ బ్రాకెట్‌కే ఆనించు.) బల్బు భగ్గున వెలిగితే దారంతా బాగుంది, హారనే పోయింది. ఆర్డర్ పెట్టుకో. మిణుకుమిణుకుమంటే ఎక్కడో తుప్పో తెగిన పోగులో. అసలు వెలగకపోతే ఎర్త్ వైపు కొస తీసి సూటిగా బ్యాటరీ నెగటివ్‌కి పెట్టు. అప్పుడు వెలిగితే పోయింది ఎర్త్. అప్పుడూ వెలగకపోతే పాజిటివ్ వైరే రావట్లేదు, వెనక్కి రిలే దాకా వెతుక్కో. కనెక్టర్ లోపల ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే సగం జవాబు అక్కడే. హారన్ ఉండేది బంపర్ వెనక, వర్షం నీళ్లన్నీ దాని మొహానే పడతాయి.

హారనే అని తేలినా వెంటనే పారెయ్యకు. కొన్నిటికి వెనక చిన్న స్క్రూ ఉంటుంది, లోపల కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లు దానితో సర్దుకుంటాయి. పావు తిప్పు తిప్పి, ఒక్క క్షణం మోగించి చూడు. గొంతు బొంగురుగా అయినా వచ్చిందంటే ఇంకాస్త తిప్పు. ఎంత తిప్పావో లెక్కపెట్టుకో, లేకపోతే మళ్ళీ మొదటికి రావడం కష్టం. కొత్తది బిగించినా మూతి కిందికి ఉండాలి, హారన్ రేకు చుట్టుపక్కల దేనికీ తగలకూడదు. తగిలితే మోగుతుంది కానీ దగ్గుతున్నట్టుంటుంది.

ఇక బటన్ వైపు. హారన్‌తో పాటు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతున్నా, స్టీరింగ్ మీది పాటల బటన్లు పనిచెయ్యకపోయినా, స్టీరింగ్ లోపల చుట్టలా ఉండే కేబుల్ తెగి ఉండొచ్చు. దాన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. దాని జోలికి మాత్రం నువ్వు వెళ్లకు. అది మార్చాలంటే ఎయిర్‌బ్యాగ్ విప్పాలి, అంతకు ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగాలి, పసుపు కనెక్టర్లకి మీటరు తగిలించకూడదు. ధైర్యం చెయ్యాల్సిన చోటు కాదది. తెలిసినవాళ్ల చేత చేయించు.

రేపు బల్బు పెట్టి చూశాక ఫోన్ చెయ్. భగ్గుమందా, మిణుకుమందా, అసలు వెలగలేదా చెప్పు. ఆర్డర్ సంగతి అప్పుడు చూద్దాం.

పెదనాన్న