అడిగాక కాసేపు ఆగు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

ఇంగ్లీషు క్లాసులో ఎన్ని ప్రశ్నలు వేసినా పిల్లలు ఒక్క ముక్కతో సరిపెడుతున్నారని రాశావు. నువ్వు పంపిన ప్రశ్నలు చూశాను. దాదాపు అన్నిటికీ జవాబు నీకు ముందే తెలుసు. చేతిలో పెన్ను పట్టుకుని "వాట్ కలర్ ఈజ్ దిస్?" అంటే "బ్లూ" అంటారు. అంతకన్నా ఏమంటారు పాపం!

అవి పనికిరావనను. కొత్త మాట పట్టుబడిందో లేదో చూడ్డానికి, నోరు మెదపని పిల్లచేత మొదటి మాట పలికించడానికి అవే దిక్కు. పీరియడంతా అవే అయితే మాత్రం మిగిలేది అప్పజెప్పడమే. 1986లో సింథియా బ్రాక్ అనే ఆవిడ పెద్దవాళ్ల ఇంగ్లీషు తరగతుల్లో ఈ సంగతి పరిశీలించింది. టీచరుకు జవాబు తెలియని ప్రశ్న వేసినప్పుడు విద్యార్థులు ఎక్కువసేపు, పెద్ద పెద్ద వాక్యాల్లో మాట్లాడారట.

అలాగని "నువ్వైతే ఏం చేస్తావు?" అని తగిలించేస్తే సరిపోదు. పర్సు దొరికిన కుర్రాడి కథ చెప్పి ఆ ప్రశ్న వేశావనుకో, క్లాసంతా "ఐ విల్ గివ్ ఇట్ బ్యాక్" అంటుంది. మంచి జవాబేదో పిల్లలకు మనకన్నా బాగా తెలుసు! పర్సులో పేరూ అడ్రసూ లేవని చెప్పి, అప్పుడు అడుగు. ఒకరు పోలీసులంటారు, ఒకరు అక్కడే వదిలేస్తామంటారు, వాదన మొదలవుతుంది. బోర్డు మీద "ఐ వుడ్... బికాజ్..." అని ముందే రాసి పెట్టు. చెప్పాలని ఉండి మాట దొరక్క ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

అడిగాక ఆగు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికా సైన్సు క్లాసుల్లో గమనిస్తే టీచర్లు ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడేవాళ్లు పెరిగారు. మన పిల్లలు ఆలోచనతో పాటు పరాయి భాషలో మాటలూ వెతుక్కోవాలి, ఇంకొంచెం ఎక్కువే ఇవ్వు. పేరు పిలవడం ప్రశ్న అయ్యాకే. ముందే పిలిస్తే మిగతావాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

అసలు చిక్కు జవాబు వచ్చాక ఉంది. టీచరు అడగడం, పిల్లవాడు చెప్పడం, టీచరు దాన్ని బాగుందనో కాదనో తేల్చడం అనే వరసను సింక్లెయిర్, కూల్తార్డ్ అనే భాషా పరిశోధకులు 1975లోనే వివరించారు. ఆ మూడో చోట నువ్వు "వెరీ గుడ్" అన్నావా, మాట అక్కడికి తెగిపోతుంది. "వై డూ యూ థింక్ సో?" అను, లేకపోతే పక్క బెంచీకి తిరిగి "డూ యూ అగ్రీ?" అను. "హి గోడ్ హోమ్" అన్నాడా? ఆపి దిద్దకు. "ఓ, హి వెంట్ హోమ్? అండ్ దెన్?" అంటే దిద్దినట్టూ ఉంటుంది, కబురూ సాగుతుంది.

"డూ యూ అండర్‌స్టాండ్?" మానెయ్. దానికి "యెస్ మేడమ్" తప్ప వేరే జవాబు నేనెప్పుడూ వినలేదు.

పెద్ద ప్రశ్న అయితే ముందు ఇద్దరిద్దరు మాట్లాడుకోనివ్వు. ఆ రెండు నిమిషాలూ సొంత భాషలో గుసగుసలాడినా పట్టించుకోకు, లేచి చెప్పేది ఇంగ్లీషులో చెబితే చాలు.

పెద్దమ్మ