అమ్మడూ, గరిటె అడుగుదాకా పెట్టి చూడు

చి.సౌ. అమ్మడుకి,

అత్తయ్య ఆశీస్సులు. ఫోన్‌లో సగం చెప్పి పెట్టేశావు, మిగతా సగం వాయిస్ మెసేజ్‌లో పంపావు. రెండూ విన్నాను. బడి కమిటీకి చైర్‌పర్సన్‌వి అయ్యాక జరిగిన మొదటి మీటింగ్‌లోనే అన్నం దగ్గర రభస అయిందన్నమాట. ఒకాయన లేచి "పిల్లాడికి 100 గ్రాముల అన్నమా, మా కోళ్ళకే అంతకన్నా ఎక్కువ వేస్తాం" అన్నాడు. ఇంకొకావిడ "పెట్టిందే పారబోస్తుంటే ఇంకా పెట్టమంటారేంటి" అంది. హెడ్మాస్టారేమో "రూల్ ప్రకారమే పెడుతున్నాం" అని ఊరుకున్నారు. నీకు టెన్షన్ వచ్చి, వచ్చే శనివారం మాట్లాడదామని లేచిపోయావు. మంచి పనే చేశావు. ఆ పూటే తేల్చబోతే ముగ్గురికీ నీ మీద కోపం మిగిలేది.

ఫోన్‌లో చెబితే గాలికి పోతుందని రాస్తున్నాను. ముప్పై మూడేళ్ళు బళ్ళో ఉన్నాను. అందులో చివరి పద్నాలుగేళ్ళు ఈ మధ్యాహ్న భోజనం నా నెత్తి మీదే నడిచింది.

ముందు ఆ కోళ్ళాయన సంగతి. 100 గ్రాములన్నది బియ్యం లెక్క, అన్నం లెక్క కాదు. వండితే పావుకిలో పైనే అన్నం అవుతుంది. అది ఐదో తరగతి దాకా. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యం. చిన్నపిల్లలకి పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50, నూనె 5. పెద్దవాళ్ళకి పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర. ఇవన్నీ పడితే చిన్నవాళ్ళకి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీను, పెద్దవాళ్ళకి 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీను అందుతాయి. ఈ కేలరీలు, ప్రోటీను అంకెలు 2013 ఆహార భద్రత చట్టంలోనే ఉన్నాయి కాబట్టి ఒకరు తగ్గిద్దామంటే తగ్గేవి కావు. పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాయించి వంటగది గోడకి తగిలించు. అరిచేవాళ్ళలో సగంమంది అది చదువుకుని సర్దుకుంటారు.

మిగతా సగంమంది సర్దుకోరు. వాళ్ళ ధ్యాసంతా బియ్యం మీదే ఉంటుంది. దానికి కారణం ఉంది. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి, గుర్తుండదు. 2003కి ముందు మన ఆంధ్రా బళ్ళలో వండి పెట్టడం లేదు. 80 శాతం హాజరు ఉన్న పిల్లలకి నెలకి 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్ళం. పంచే రోజున తల్లులు సంచులు పట్టుకుని వరండా నిండా కూర్చునేవాళ్ళు. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాక, 2003 జనవరిలో మనకి పొయ్యి వెలిగింది. పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది, గోరుముద్ద అన్నారు, ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. జనానికి మాత్రం బడి భోజనం అంటే ఇప్పటికీ బియ్యమే. పైగా 2025 జూన్ నుంచి సన్నబియ్యం కూడా వస్తోంది, ఇంక చెప్పేదేముంది.

నేను చూసినంతలో బియ్యం పెద్దగా తగ్గదమ్మా. ప్రభుత్వమే పంపుతుంది, బస్తాల లెక్క ఉంటుంది. తగ్గేది పప్పు, కూర. అక్కడ ఎవరూ గొంతెత్తరు, ఎందుకంటే పిల్లాడు కడుపు నిండిందనే ఇంటికొచ్చి చెప్తాడు.

పప్పు ఎందుకు తగ్గుతుందో తెలియాలంటే కాగితం, పెన్ను తీసుకో. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసు, ఇవన్నీ వంట ఏజెన్సీ ఆవిడే, అంటే బళ్ళో వంట ఒప్పుకున్నావిడే కొనాలి. 2025 మే నుంచి కేంద్రం లెక్క తలకి రోజుకి చిన్నపిల్లలకి 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 10 రూపాయల 17 పైసలు. గుడ్డు ఖర్చు ఇందులోది కాదు. కందిపప్పు కిలో 120 అనుకో, 20 గ్రాములకి 2 రూపాయల 40 పైసలు. కూరగాయలు కిలో 40 అనుకున్నా 50 గ్రాములకి 2 రూపాయలు. నూనె కిలో 150 అయితే 5 గ్రాములకి 75 పైసలు. అప్పుడే 5 రూపాయల 15 పైసలు అయిపోయాయి. మిగిలిన రూపాయి 63 పైసల్లో ఉప్పు, కారం, చింతపండు, గ్యాసు అన్నీ రావాలి. టమాటా కిలో 80 అయిన నెలలో ఏం జరుగుతుందో నువ్వే ఊహించుకో. ఇదంతా బిల్లు నెలనెలా వస్తేనే. ఆగిందంటే కిరాణా కొట్టాయన ఎంత అప్పిస్తే అంతే పప్పు ఉడుకుతుంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒక ఊళ్ళో హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, పప్పు నీళ్ళలా ఉందని పిల్లలందరి ముందూ వంటావిడ మీద కేకలేశాను. "కొట్టాయన నిన్న కిలోయే ఇచ్చాడండి" అని మాత్రం అంది. నూటపది మంది పిల్లలకి కిలో పప్పు! నేనేమో సాకులు చెబుతోందనుకున్నాను. మర్నాడు పొయ్యి వెలగలేదు. రెండు రోజులు పిల్లలకి మరమరాలు, అరటిపళ్ళు పెట్టి నెట్టుకొచ్చాం. మూడో రోజు వాళ్ళింటికి వెళ్తే తెలిసింది, నాలుగు నెలల బిల్లులు రాలేదు, కొట్లో బాకీ పెరిగిపోయింది. ఇంతా చేసి, అందులో రెండు నెలల బిల్లు కాగితాలు నా సంతకం కోసం నా బీరువాలోనే పడి ఉన్నాయి.

అందుకని శనివారం మీటింగ్‌లో నీ మొదటి ప్రశ్న "పప్పు ఎందుకు పల్చగా ఉంది" అని కాదు, "బిల్లు ఏ నెల దాకా వచ్చింది" అని అడుగు. జవాబు మినిట్స్‌లో రాయించు. ఆగి ఉంటే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి కమిటీ తరఫున కాగితం పెట్టు, నలుగురు తల్లుల సంతకాలతో. వంటావిడకి వచ్చే గౌరవవేతనం నెలకి 3000. ఆ డబ్బుకి పొద్దున్నే వచ్చి అంతమందికి వండే మనిషిని దొంగని పట్టుకోబోయినట్టు చూస్తే రేపటి నుంచి ఎవరు వస్తారు?

అలాగని చూడకుండా ఊరుకోమనడం లేదు. చూసే పద్ధతి వేరే ఉంది. ఒకరోజు పదింటికల్లా వెళ్ళి కూరగాయలు తరగడానికి కూర్చో. ఆ రోజు హాజరు ఎంతో అడిగి, పప్పు తూచేటప్పుడు పక్కనే ఉండు. మా ఇంట్లో చిన్న కాటా ఉంది, మీ మామయ్య చేత పంపిస్తాను, అక్కడే ఉంచెయ్. నెలకి మూడు నాలుగుసార్లు, ముందు చెప్పకుండా, తల్లులు వంతులవారీగా వెళ్తే చాలు. గుడ్లు కూడా ఒక ట్రే తూచు. 30 గుడ్లు కిలోన్నరకి అటూ ఇటూగా ఉంటే మంచి సైజే. చిన్నపిల్లకి కావాల్సిన 12 గ్రాముల ప్రోటీనులో సగం ఒక గుడ్డులోనే ఉంటుంది, కాబట్టి పిట్టగుడ్లంత పంపితే గొడవ పెట్టుకోవాల్సింది అక్కడ, సరఫరా చేసేవాళ్ళతో. మనకి వారానికి ఐదు గుడ్లు ఉన్నందుకు సంతోషించు, తెలంగాణలో ఉన్న మీ అక్క పిల్లలకి మూడే.

ఇంక వడ్డన. నాకు బాగా అనుభవం ఉన్నది ఇందులోనే. పప్పయినా సాంబారైనా గుండిగలో అడుక్కి దిగిపోతుంది. ముందు ఎవరికి వడ్డిస్తాం? ఒకటో తరగతి వాళ్ళకి. పైన తేరిన నీళ్ళన్నీ ఆ చంటివాళ్ళ కంచాల్లో పడతాయి, ముద్దపప్పు ఆఖర్న వచ్చే మీసాలవాళ్ళకి దక్కుతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. గరిటె అడుగుదాకా పెట్టి కలిపి, ప్రతి పది కంచాలకీ ఒకసారి మళ్ళీ కలపమని చెప్పు. పైసా ఖర్చు లేదు. ఈ ఒక్కటీ కనిపెట్టడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

చాలదని అన్నాయన, పారేస్తున్నారని అన్నావిడ ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకే క్లాసులో 70 గ్రాముల బియ్యం అన్నం తినలేని పిల్లా ఉంటుంది, 140 తిన్నా ఇంకా చూసే పిల్లాడూ ఉంటాడు. తలకి 100 అన్నది బస్తాలోంచి తీసే లెక్క, కంచంలో గీసిన గీత కాదు. అందరికీ మొదటిసారి కొంచెం తక్కువ వెయ్యమను, తర్వాత మారు వడ్డించమను. అయితే మారు కావాలన్నవాళ్ళు లేచి గుండిగ దగ్గరికి రమ్మంటే మగపిల్లలే వస్తారు. ఎనిమిది, తొమ్మిది చదివే ఆడపిల్లలు నలుగురి ముందు కంచం పట్టుకుని వెళ్ళడానికి సిగ్గుపడి, ఆకలితోనే చెయ్యి కడుక్కుంటారు. గిన్నే వాళ్ళ దగ్గరికి రావాలి. తొమ్మిది, పది వాళ్ళకి కేంద్రం లెక్క వర్తించదు, రాష్ట్రం పెడుతోంది. వాళ్ళకీ అదే 150. పదహారేళ్ళ కుర్రాడికి అది చాలదు, నిజమే. చిన్న తరగతుల్లో మిగిలేది అటు తిరిగితే చాలావరకు సర్దుకుంటుంది.

పారేసే బక్కెట్టు ఒక వారం తూచండి. అన్నం ఎంత, కూర ఎంత విడిగా చూడండి. సొరకాయ, బీరకాయ పెద్ద ముక్కలు ఏరి పారేస్తున్నారంటే సన్నగా తరిగి పప్పులో వేయమనండి. పాలకూర, తోటకూర పప్పు ఎప్పుడూ మిగలదు, నేను చూశాను. బడి ఆవరణలో ఒక మునగచెట్టు వేయించు.

రుచి చూసే రిజిస్టర్ కూడా అడుగు. వడ్డించకముందు ఒక టీచరుతో కలిపి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు తిని చూడాలన్నది రూలు. మా బళ్ళో ఒకాయన వారం సరిపడా "రుచికరంగా ఉంది" అని సోమవారమే రాసి సంతకాలు పెట్టేసేవారు, గురువారం నాడు సెలవు వచ్చి దొరికిపోయారు! నువ్వు చెంచాతో నాలిక మీద వేసుకోవద్దు, పిల్లల పక్కన కూర్చుని కంచం నిండా తిను.

ఆ ప్లాస్టిక్ బియ్యం పుకారు మీ ఊరికీ వచ్చిందా? కడిగినప్పుడు కొన్ని గింజలు పైకి తేలతాయి, ప్లాస్టిక్ కలిపారని భయపడి ఏరి పారేస్తారు. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యం పిండిలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపి గింజల్లా ఒత్తి, నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. వంటావిడకి, తల్లులకి కలిపి ఒకసారి చెప్పు, ఎక్కువసార్లు కడగొద్దని కూడా చెప్పు. పెద్దపిల్లలకి వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే ఇవ్వమను. ఖాళీ కడుపున వేసుకుని కళ్ళు తిరిగితే మర్నాడు ఎవరూ మింగరు.

గుడ్డు జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళే పిల్లలు కనిపిస్తే తిట్టనివ్వకు. మా దగ్గర ఒక అమ్మాయి రోజూ తీసుకెళ్ళేది. అడిగితే తమ్ముడికి అంది. ఆ పిల్లాడి పేరు అంగన్‌వాడీలో రాయించలేదని అప్పుడు బయటపడింది. రాయించాక వాడి గుడ్డు వాడికి వచ్చింది, ఈ పిల్ల గుడ్డు ఈ పిల్ల తింది.

ఇంకొకటి ఉంది, మీటింగ్‌లో ఎవరూ పైకి అనరు. కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటారు. రుచి నచ్చక తెచ్చుకునేవాళ్ళు వేరు, ఎవరు వండారో చూసుకుని తెచ్చుకునేవాళ్ళు వేరు. రెండో రకం ఉంటే దాన్ని "నాణ్యత సమస్య" అని మినిట్స్‌లో రాయనివ్వకు. వంటవాళ్ళ నియామకంలో దళితులకి, గిరిజనులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నువ్వు ఆవిడ చేతి వంట అందరి ముందూ తిను. ఆ ఇళ్ళకి మాత్రం విడిగా వెళ్ళి మాట్లాడు.

రాగి జావ ఉండలు కడుతోందని చెప్పావు కదా. పిండిని మరిగే నీళ్ళలో పోస్తున్నారేమో చూడు. ముందు చల్లనీళ్ళలో జారుగా కలుపుకుని, అప్పుడు మరిగే నీళ్ళలో సన్నగా పోస్తూ కలపాలి. బెల్లం దించాక వెయ్యాలి. ఈ సంగతి వంటావిడకి నువ్వు చెప్పినట్టు కాకుండా, నువ్వే ఒకరోజు గరిటె తిప్పుతూ చూపించు.

కాటా బుధవారం అందుతుంది. బ్యాటరీలు వేసే పంపుతున్నాను.

మీ అత్తయ్య