యాంటాసిడ్ వేరు, పాంటొప్రజోల్ వేరు

మీ నాన్నగారి చీటీలో "యాంటాసిడ్‌కీ థైరాయిడ్ మాత్రకీ 4 గంటల ఎడం" అని ఉందనీ, ఇంట్లో ఉన్న పాంటొప్రజోల్ యాంటాసిడ్ కిందికి వస్తుందా అనీ అడిగారు కదండీ. రాదు. కడుపులో అప్పటికే ఊరిన ఆమ్లాన్ని విరిచేదే యాంటాసిడ్. జెలుసిల్, డైజీన్ లాంటివన్నమాట. వాటిలో అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్లు ఉంటాయి. మొదటిది మలబద్ధకం తెస్తుంది, రెండోది విరేచనం చేస్తుంది. అందుకే జోడీగా కలుపుతారు, తెలివైన ఏర్పాటే! మంట నిమిషాల్లో తగ్గుతుంది గానీ ఆ సుఖం ఎక్కువసేపు నిలవదు.

పాంటొప్రజోల్ అసలు ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తుంది. దాన్ని పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. మందుల షాపులో రెండిటినీ "గ్యాస్ బిళ్ళ" అనేస్తారు, తికమక అక్కడే.

ఎడం ఎందుకంటే, యాంటాసిడ్‌లోని లోహాలు థైరాయిడ్ మందును పట్టేసి ఒంటికి అందనివ్వవు. ఐరన్ మాత్రలకూ ఇదే గొడవ. పాంటొప్రజోల్ రోజూ వాడుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి, థైరాయిడ్ మోతాదు చూసుకుంటారు. మలం నల్లగా వచ్చినా, ఛాతీ మంటతో చెమటలు పట్టినా మాత్రం బిళ్ళలతో సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.