స్పోలియేషన్ అంటే దోపిడీయా, సాక్ష్యాల ధ్వంసమా?

ప్రశ్న: న్యాయసంబంధమైన వార్తల్లో 'స్పోలియేషన్' అనే మాట చూశాను. ఒక నిఘంటువు 'దోపిడీ' అంటుంటే, మరొకటి 'సాక్ష్యాలను నాశనం చేయడం' అంటోంది. పొంతన లేని ఈ రెండు అర్థాల్లో ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే. లాటిన్‌లో 'స్పోలియుం' అంటే మొదట జంతువు ఒంటి నుంచి ఒలిచిన తోలు. ఆ తరువాత యుద్ధంలో కూలిన శత్రువు ఒంటి నుంచి ఒలుచుకున్న కవచానికీ, చివరకు కొల్లసొమ్ము అంతటికీ అదే పేరైంది. మనం 'నిలువుదోపిడీ' అనడంలోనూ ఇలాంటి భావమే ఉంది. యుద్ధనేరాల చట్టంలో ఈ పాత అర్థం నేటికీ నిలిచి ఉంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో, ఆయుధాలు తయారుచేసే జర్మన్ సంస్థ క్రుప్‌కు చెందినవారిపై జరిగిన విచారణలో, జర్మనీ ఆక్రమించిన దేశాల కర్మాగారాలనూ యంత్రాలనూ చేజిక్కించుకున్నారన్న అభియోగాన్ని 'దోపిడీ, స్పోలియేషన్' పేరుతోనే మోపారు; 1948లో వెలువడిన తీర్పులో పలువురికి ఆ నేరం రుజువైంది.

ఇక రెండో అర్థానికి వస్తే, ఒకరు సాక్ష్యాన్ని నాశనం చేసినప్పుడు ఎదుటి పక్షం కోల్పోయేది తన వాదనను రుజువు చేసుకునే అవకాశం. చింపిన కాగితం చింపినవారి సొంతమే కావచ్చు, అయినా ఆ అవకాశాన్ని లాక్కున్నారు కనుక ఇదీ ఒక దోపిడీయే అని నా అభిప్రాయం.

ఇందుకు 1722 నాటి ఇంగ్లండు కేసు ఒకటి చక్కని ఉదాహరణ. పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రవాడు తనకు దొరికిన నగను వెల కట్టించుకోవడానికి కంసాలి దుకాణానికి తీసుకువెళ్లాడు. అక్కడి పనివాడు తూకం వేస్తానని చెప్పి అందులోని రాళ్లు ఊడదీశాడు. యజమాని మూడు అరపెన్నీలు ఇవ్వజూపితే కుర్రవాడు ఒప్పుకోలేదు. చివరకు రాళ్లు లేని ఒట్టి చట్రమే అతని చేతికొచ్చింది. దాంతో అతను కంసాలిపై దావా వేశాడు. రాళ్లు కోర్టు ముందుకు రాలేదు కాబట్టి వాటి విలువ తేల్చే దారి లేదు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి, కంసాలి ఆ నగను చూపించి అవి మేలురకం రాళ్లు కావని రుజువు చేస్తే తప్ప, ఆ చట్రంలో ఇమడగల అత్యుత్తమమైన రాళ్ల ధరనే నష్టపరిహారానికి కొలమానంగా తీసుకోవాలని జ్యూరీకి సూచించారు. సాక్ష్యాన్ని మాయం చేసినవారికి వ్యతిరేకంగానే ఊహించాలన్న సూత్రానికి ఈ కేసును ఈనాటికీ ఉదాహరిస్తారు.

ఇప్పుడు చిక్కు ఎక్కువగా ఈమెయిళ్లతోనూ, సీసీటీవీ దృశ్యాలతోనూ వస్తోంది. పాత దృశ్యాల మీద కొత్తవి వాటంతటవే నమోదవుతుంటాయి; అది తప్పు కాదు. కానీ వ్యాజ్యం రాబోతోందని తెలిశాక కూడా ఆ చెరిపివేతను ఆపకపోతే అది స్పోలియేషన్ కావచ్చు. అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ నిబంధనల్లో 2015లో చేసిన సవరణ ప్రకారం, ఎదుటివారికి ఆ ఎలక్ట్రానిక్ సమాచారం దక్కకూడదన్న ఉద్దేశం ఉన్నప్పుడే, అది చెరిపినవారికి ప్రతికూలమైనదని భావించడం వంటి కఠినచర్యలు చెల్లుతాయి.

అందువల్ల తెలుగు చేసేటప్పుడు యుద్ధనేరాల సందర్భంలో 'దోపిడీ' అనీ, వ్యాజ్యాల సందర్భంలో 'సాక్ష్యాల ధ్వంసం' అనీ రాయవచ్చు. పత్రాన్ని చింపకుండా అందులోని తేదీనో అంకెనో మార్చినప్పుడు మాత్రం 'తారుమారు' అన్నదే సరిపోతుంది.